గోటికి తగిలే పట్టుపోగు

ఏప్రిల్ 6

ఇవాళ విరిగింది కుడి బొటనవేలి గోరు. మొన్న ఎడమ చూపుడువేలు. విరగడమంటే పుటుక్కున విరగడం కాదు, ఉల్లిపొరలా లేస్తుంది. లేచిన పొర నా కంటికి ఆనదు. పట్టుదారానికి మాత్రం ఇట్టే దొరికిపోతుంది. పట్టుదారంతో అల్లే గుండీ మీద ఆఖరి చుట్టు వేసి సూది లాగుతున్నాను, పోగు వెళ్లి గోటికి తగులుకుంది. మెల్లగా విడదీద్దామనుకునేలోపే నూగు లేచింది. నూగు లేచిన గుండీని మా సెఫ్రూ ఊళ్లో గాడిదకు కూడా తొడగరు. విప్పి పారేశాను.

పండగ ముందు మా గుండీల సంఘం పెద్ద రఖియా ఈ పెళ్లి కఫ్తాను, పెళ్లికూతురి పొడుగు అంగీ, నా చేతికిచ్చింది. పాలమీగడ రంగు గుడ్డ, దానిమ్మ రంగు గుండీలు, మెడ నుంచి పాదం దాకా. పెళ్లి ఆగస్టు ఆఖర్లో. సంఘంలో ఇంతమంది ఆడవాళ్లుండగా నాకే ఎందుకిచ్చావని ఎవరో అడిగితే, బతూల్ చేసిన గుండీ రాయిలా ఉంటుందని చెప్పిందట. గుండీ రాయే. గోరే అప్పడం.

అందరికీ ఒక వైద్యం తెలుసు. పక్కింటావిడ నిమ్మకాయ రుద్దమంది. రొట్టెల పొయ్యి దగ్గర కలిసినామె వెల్లుల్లి అంది. హమ్మాము స్నానశాలలో ఒళ్లు రుద్దే ఆవిడ దిష్టి అని తేల్చేసింది. నా గోళ్లకు దిష్టి పెట్టేంత తీరిక ఎవరికుందో చెప్పలేదు. గోరంతను కొండంత చేస్తున్నావన్నాడు మా ఆయన అల్లాల్. అని, తన మాటకు తనే నవ్వుకున్నాడు. ఇనుప సామాన్ల కొట్టు నడిపేవాడికి గోళ్ల బాధ ఏం తెలుస్తుంది.

ఏప్రిల్ 9

తాహ్రా వచ్చింది. ఆడపడుచు వస్తే ఇంటికి గాలిదుమారం వచ్చినట్టే. చెప్పులు విప్పకముందే నా చేతులు పట్టుకుని వెలుగులోకి లాగింది. “చెప్పొద్దా వదినా? ఇంత జరుగుతుంటే నాకు చెప్పొద్దా?” అని మొదలుపెట్టి, సంచిలోంచి గోధుమరంగు సీసా తీసింది. జుట్టుకు, గోళ్లకు, చర్మానికి విటమిన్లట. వాళ్లత్తగారి చుట్టం ఫ్రాన్సు నుంచి పంపుతుంది, ఈమె ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. అంతకుముందు గిన్నెలమ్మింది. అంతకుముందు నొప్పులు లాగే పట్టీలు. ఏదమ్మినా ముందు తను వాడుతుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

వద్దన్నాను. పెట్టేసి పోయింది.

ఏప్రిల్ 10

వేసుకున్నాను. ఎండుగడ్డి వాసన.

ఏప్రిల్ 19

ఎన్నేళ్లుగానో పొద్దున్నే పరగడుపున మింగుతున్న థైరాయిడ్ మాత్ర డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటుంటుంది. ఇవాళ మొదటిసారి విప్పి చదివాను. విప్పడమే ఒక పని, బల్లగుడ్డంత ఉంది. జుట్టు రాలవచ్చు. చెమటలు పట్టవచ్చు. గుండె దడ. నిద్ర పట్టకపోవడం. గోళ్ల మాట ఎక్కడా లేదు గానీ, జుట్టు రాల్చేది గోళ్లను ఊరికే వదులుతుందా?

మందుల కొట్టుకు వెళ్లి ఆ మాటే అడిగాను. కొట్టతను ఓపిగ్గా చెప్పాడు. ఈ మాత్ర మోతాదు తక్కువైతే గోళ్లు పాడవుతాయి, ఎక్కువైనా పాడవచ్చు, సరిపడా ఉంటే ఏమీ చెయ్యదు, రక్తపరీక్ష చేయించుకోండి అన్నాడు. అటైనా ఇటైనా మాత్రదే కదా తప్పు అన్నాను. అతను నా వెనకున్నామెను పలకరించాడు.

ఏప్రిల్ 28

నేననుకున్నదే అయింది. డాక్టర్ సెబ్తీ రిపోర్టు చూసి, మాత్ర మీకు ఎక్కువైపోతోంది బతూల్ గారూ అంది. మోతాదు సగానికి తగ్గించింది. కొట్టతనికి వినబడేలా చెప్పి మరీ కొత్త డబ్బా కొన్నాను.

వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. లేదు కూడా. విటమిన్లు మందులెలా అవుతాయి? అలాగైతే ఆలివ్ నూనె కూడా చెప్పాలి.

ఇంటికొచ్చి అల్లాల్‌తో అన్నాను, ఇన్నేళ్లూ నన్ను తిన్నది ఆ మాత్రేనని. నిన్నెవరైనా తినగలరా అన్నాడు.

మే 7

ఈ వారం కూడా ఫెస్‌లో అన్నయ్య ఇంటికి వెళ్లలేదు. అన్నయ్య ఫోను చేశాడు. కఫ్తాను పనుందన్నాను. అమ్మ ఎలా ఉందని అడగలేదు, అతనూ చెప్పలేదు.

మే 15

గోళ్లలో మార్పు లేదు. తాహ్రాకు చెబితే, ఒకటి చాలదు వదినా రెండు వేసుకో అంది. నీ కంపెనీ డాక్టరు చెప్పాడా అంటే, తెలివి చెప్పింది అంది. మొక్కకు చెంబెడు నీళ్లు చాలకపోతే రెండు చెంబులు పోస్తాం కదా అట. మొక్క కుళ్లిపోతుంది కూడా. అన్నాను గానీ వేసుకుంటున్నాను.

మే 23

సెనగలు మాడాయి. గిన్నె కూడా పోయింది. పొయ్యి దగ్గర కూర్చునే ఉన్నాను. కూర్చుని ఏం చేస్తున్నానో తెలియదు. గోళ్లు చూసుకుంటున్నానేమో.

అల్లాల్‌కు ఈ మధ్య మతిమరుపు బాగా ఎక్కువైంది. కొట్టు తెరిచిన కాసేపటికే ఇంటికొస్తాడు. ఒకరోజు కళ్లజోడు మరిచానంటాడు, ఒకరోజు తాళాలు, ఒకరోజు టేపు. వంటింట్లోకి వచ్చి అటూ ఇటూ చూసి వెళ్లిపోతాడు. వయసు మీద పడుతోంది మనిషికి.

జూన్ 8

రఖియా ఒక వరస గుండీలు వెనక్కి పంపింది. బిగువు లేదట. తను మర్యాదగానే చెప్పింది, సంఘంలో అందరి ముందూ కాదు, మెట్ల దగ్గరికి పిలిచి చెప్పింది. అదే నాకు మండిపోయింది. మెట్ల దగ్గరికి పిలిచి చెప్పాల్సినదాన్నా నేను? అక్కడ కూర్చుని నూగు గుండీలు చేస్తున్న పిల్లలకు సూది పట్టడం నేర్పింది ఎవరు? గోళ్లు ఇలా ఉంటే దారం బిగించి లాగడం ఎలాగని అడిగాను. గోళ్లతో లాగుతామా బతూల్, వేళ్లతో కదా అంది.

చెర్రీ పళ్లొచ్చాయి. ఊరంతా చెర్రీలే. కొనలేదు.

జూన్ 9

రఖియా ఒక వరస గుండీలు వెనక్కి పంపింది. బిగువు లేదంటుంది. మెట్ల దగ్గరికి పిలిచి చెప్పింది, పెద్ద మర్యాద. నేను సూది పట్టడం నేర్పిన పిల్లలు అక్కడే కూర్చుని ఉన్నారు. గోళ్లు బాగుంటే బిగువు ఎందుకుండదు? ఊరంతా చెర్రీలు, కొనాలనిపించలేదు.

జూన్ 10

పైన రాసింది చూశాను. నిన్న రఖియా దగ్గరికి వెళ్లనే లేదు.

ఇకమీద వెనక్కి చదవను.

జూన్ 24

మళ్లీ పరీక్ష. డాక్టర్ సెబ్తీ నా మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. కళ్ల కింద వాపు చూసింది. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది. కాలు ఆలోచించి ఆలోచించి లేచింది. ఒళ్లు ఒక మాట చెబుతోంది, కాగితం ఇంకో మాట చెబుతోంది అని తనలో తను గొణుక్కుంది. రిపోర్టు ప్రకారం సగం మాత్ర కూడా నాకు ఎక్కువేనట. నాడి చూస్తే అలా లేదట. ల్యాబులో పొరపాటేమోనని మళ్లీ రక్తం తీయించింది. మళ్లీ అదే వచ్చింది. చివరికి కాగితమే గెలిచింది. ప్రస్తుతానికి మాత్ర మొత్తం ఆపేసి రెండు నెలల్లో రమ్మంది.

జుట్టు రాలుతోంది, బరువు పెరిగాను, గొంతు బొంగురుపోయింది. అన్నీ గోళ్ల తరవాతే మొదలయ్యాయి. ఇవి కూడా ఆ మాత్ర చేసినవే అయ్యుంటాయి. ఒంట్లోంచి పూర్తిగా పోవాలి కదా.

మరచిపోతున్న సంగతి చెప్పలేదు. ఆమె అడగలేదు.

అడిగింది. బాగానే ఉన్నానన్నాను.

జూలై 11

చలి. జూలైలో. బయట రాళ్లు పేలిపోతున్నాయి, కుక్కలు నీడ వదలడం లేదు, నేను ఉన్ని శాలువా కప్పుకుని కూర్చున్నాను. అల్లాల్ కిటికీ తెరిస్తే నేను మూస్తాను. నేను మూస్తే తను తెరుస్తాడు. చివరికి మేడమీద చాప వేసుకుని పడుకుంటున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుణ్ని ఇంట్లోంచి వెళ్లగొట్టింది బతూల్ అని పక్కింటావిడ అనే ఉంటుంది.

జూలై 18

పని చెయ్యలేదు.

జూలై 19

పని చెయ్యలేదు. తాహ్రా వచ్చి గది ఊడ్చి, కొత్త సీసా పెట్టి వెళ్లింది. ఏమీ మాట్లాడలేదు. తాహ్రా మాట్లాడకపోవడం నాకు నచ్చలేదు.

జూలై 26

కఫ్తాను నా దగ్గర లేదు.

పొద్దున రఖియా ఇంటికే వచ్చింది. గుండీలన్నీ అయ్యాయని గర్వంగా పళ్లెంలో పోసి చూపించాను. తను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. తరవాత కఫ్తాను విప్పి నేల మీద పరిచింది. మీగడ రంగు గుడ్డ మీద దానిమ్మ రంగు గుండీలు ఉండాలి. నేను చేసినవాటిలో సగం తేనెరంగువి. ఎప్పుడు దారం మార్చానో తెలియదు. ఆ తేనెరంగు కండె మా ఇంట్లోకి ఎలా వచ్చిందో కూడా తెలియదు. రోజూ చూస్తూనే ఉన్నాను, చూస్తూనే చేశాను.

ఎండ పడి రంగు వెలిసిందన్నాను. నోట్లోంచి అదొచ్చింది. రఖియా నా ముఖం వంక చూసింది. కోప్పడి ఉంటే బాగుండేది. కఫ్తాను మడతపెట్టుకుంది. “కొన్నాళ్లు ఆగు బతూల్. ఒళ్లు కుదుటపడ్డాక రా. ఈ పెళ్లి పని పిల్లలు చూసుకుంటార్లే” అంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. గోళ్లు బాగుంటే ఇదంతా ఉండేది కాదు.

ఇప్పుడే చదువుకుంటే సిగ్గేసింది. తేనెరంగుకూ గోళ్లకూ ఏం సంబంధం.

ఆగస్టు 2

రాసేస్తాను. ఎవరూ చూడరు.

నిన్న సాయంత్రం పుదీనా కొనడానికి వెళ్లాను. తిరిగొస్తూ ఏటి మీది వంతెన దగ్గర ఆగాను, కాళ్లు బరువెక్కితే. నీళ్ల వంక చూసి తల ఎత్తేసరికి ఇల్లు ఏ వైపో తెలియలేదు. పుట్టింది ఈ ఊళ్లోనే. కళ్లకు గంతలు కట్టినా ఈ సందుల్లో తిరుగుతాను. అలాంటిది, రెండు వైపులా రెండు కొత్త ఊళ్లున్నట్టనిపించింది. పుదీనా కట్ట పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎవరో సలాం చెబితే సలాం చెప్పాను, ఎవరో తెలియకుండానే. చివరికి అలవాటైన ఒక తలుపు రంగు కనబడింది, దాని వెంట నడిచాను.

ఎండదెబ్బ అని అల్లాల్‌తో అన్నాను. సాయంత్రం ఎండేమిటని అతను అడగలేదు.

అమ్మకు ఇలాగే మొదలైంది. ముందు ఉప్పు రెండుసార్లు వేసేది. తరవాత చెప్పిన కథే చెప్పేది. నవ్వేవాళ్లం. ఆ తరవాత బజారుకు వెళ్లి రాకపోతే అన్నయ్య వెతుక్కుంటూ వెళ్లాడు, మసీదు గోడ పక్కన కూర్చుని, మా నాన్న వచ్చి తీసుకెళ్తాడని చెబుతోంది. వాళ్ల నాన్న పోయి నలభై ఏళ్లు. అలా తప్పిపోయేనాటికి అమ్మ ఇప్పటి నాకంటే ఎంతో పెద్దదేం కాదు. ఇప్పుడు ఫెస్‌లో అన్నయ్య ఇంట్లో ఉంటుంది, ఎవరినీ గుర్తుపట్టదు. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్లానో లెక్క వేసుకోవాలని లేదు. వెళ్తే ఆమె ఎదురుగా కూర్చోవాలి. కూర్చుంటే చూడాలి. చూస్తే, రేపటి నన్ను చూసినట్టుంటుంది.

కాబట్టి గోళ్లు. గోళ్ల గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. గోళ్లు విరిగితే ఎవరూ జాలిపడరు.

ఆగస్టు 5

తాహ్రా ఇవాళ నన్ను ఈడ్చుకెళ్లినట్టే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. వారం కూడా కాలేదు, మొన్ననే చూపించానని అబద్ధం చెప్పాను. నీ చేత నేను అబద్ధం చెప్పించుకుంటానా వదినా అని చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. దారంతా తిట్టుకుంటూ నడిచాను. తను నా మోచెయ్యి వదల్లేదు.

లోపల డాక్టరమ్మ నన్ను చూడగానే లేచి నిలబడింది. నా ముఖం అంత ఉబ్బి ఉందన్నమాట. నాడి చూసింది, కోపంగా, నా మీదో తన మీదో. పాత కాగితాలు మళ్లీ తిరగేసింది. ఒక్కో ప్రశ్నే అడుగుతోంది, నేను ఒక్కో అబద్ధమే చెబుతున్నాను. మలబద్ధకం లేదు. నిద్ర బాగానే ఉంది. మరపా? ఎవరికుండదు డాక్టరమ్మా.

ఇంత జరుగుతుంటే మా తాహ్రా ఏం చేసింది? సంచి తెరిచి, గోధుమరంగు సీసా తీసి డాక్టరు బల్ల మీద పెట్టింది. నేను భూమిలోకి కుంగిపోయాను. ఆడపడుచు డాక్టరుకే సరుకు అమ్మబోతోంది.

“మీరు కూడా వాడి చూడండి డాక్టరమ్మా,” అంది. “మీ చేతులు సబ్బుకు ఎండిపోయున్నాయి. మా వదిన ఏప్రిల్ నుంచి వాడుతోంది, రోజుకు రెండు. ఇవి కూడా లేకపోతే ఈపాటికి మంచం పట్టేది.”

డాక్టరమ్మ సీసా తీసుకుని వెనకవైపు చిన్న అక్షరాలు చదివింది. కళ్లజోడు తీసి మళ్లీ చదివింది. తరవాత నా వంక తిరిగింది.

“రక్తం తీసిన రోజున కూడా వేసుకున్నారా?”

“రోజూ వేసుకుంటాను.”

“మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నారు.”

“ఇవి మందులు కావు కదా.”

డాక్టరమ్మ సీసా బల్ల మీద పెట్టింది. తరవాత మెల్లగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఇందులో బయోటిన్ అనే విటమిన్ మామూలు మనిషికి కావలసినదానికి ఎన్నో రెట్లు ఉందట. ఒంటికి అదేం పెద్ద కీడు చెయ్యదు, మిగిలింది బయటికి పోతుంది. కానీ థైరాయిడ్ పరీక్ష చేసే యంత్రాల్లో కొన్ని దాన్ని చూసి బోల్తాపడతాయి. ఒంట్లో తక్కువ ఉన్నదాన్ని ఎక్కువ ఉందని చూపిస్తాయి. నాకు మాత్ర చాలడం లేదు. చాలక గోళ్లు విరిగాయి. గోళ్లు విరిగాయని విటమిన్ వేసుకున్నాను. విటమిన్ వేసుకుంటే కాగితం అబద్ధం చెప్పింది. కాగితాన్ని నమ్మి ఆమె మాత్ర తగ్గించింది. తగ్గించేకొద్దీ గోళ్లు మరింత విరిగాయి, నేను మరో విటమిన్ వేసుకున్నాను.

“నేను మీ చెయ్యి పట్టుకుని చూసి కూడా కాగితాన్నే నమ్మాను. సీసా గురించి నేను విడిగా అడగాల్సింది,” అంది.

తాహ్రా సీసా తిరిగి తీసుకోవడానికి చెయ్యి చాపి, చాపిన చెయ్యి అలాగే ఉంచేసింది.

అప్పుడు అడిగాను. తలుపు దగ్గర, వెళ్లిపోతున్నట్టుగా. మరపు కూడా దీనివల్లేనా అని.

“ఏ మరపు?” అంది డాక్టరమ్మ.

అక్కడే కూర్చుండిపోయి అంతా చెప్పాను. వంతెన, తేనెరంగు, సెనగలు, అమ్మ. తాహ్రా వింటుండగానే. డాక్టరమ్మ మాట తప్పించలేదు. థైరాయిడ్ ఇంత పడిపోతే బుర్ర మొద్దుబారుతుంది, మాత్ర సరిపోతే చాలామందికి తేరుకుంటుంది, ముందు ఇది సరిచేసి చూద్దాం, అప్పటికీ మిగిలితే దాని సంగతి అప్పుడు చూద్దాం అంది. మీ అమ్మగారిది రాలేదని ఇవాళ నేను మాటివ్వలేను, వచ్చిందని మీరూ తేల్చుకోవద్దు అంది.

నాకు కావలసింది మాట. దొరికేది మాత్ర, అదీ పరీక్ష తరవాత. వారం పాటు విటమిన్లు మానేసి మళ్లీ రక్తం ఇమ్మంది.

ఆగస్టు 7

తాహ్రా వచ్చింది. తలుపు తియ్యలేదు.

ఆగస్టు 8

వచ్చింది. తియ్యలేదు. గడప మీద కూర్చుని తిట్టు వదినా అంటోంది. వీధిలో వాళ్లందరూ వింటున్నారు. తిట్టడానికైనా తలుపు తియ్యాలి కదా. తియ్యలేదు.

ఆగస్టు 14

ఈసారి కాగితం నిజం చెప్పింది. డాక్టరమ్మ అంకె చెప్పి, ఈ అంకెతో మీరు మెట్లెక్కి ఎలా వచ్చారని అడిగింది. మొండితనంతో అన్నాను. మాత్ర మళ్లీ మొదలు, గుండెకు బరువు కాకుండా కొద్దికొద్దిగా పెంచుతుందట. గోళ్ల సంగతి అడిగితే, కొత్త గోరు మొదలు నుంచి రావాలి, చలికాలం దాకా ఓర్చుకోండి అంది. ఇన్నాళ్లూ నేను పోట్లాడిన సంగతి అందరికంటే ఆఖర్న బాగుపడుతుందట.

ఆగస్టు 16

అల్లాల్ పొద్దున మళ్లీ కొట్టు నుంచి వచ్చాడు. ఈసారి సుత్తి మరిచాడట. కొట్టు నిండా సుత్తులే. ఇంక పట్టలేక అడిగేశాను, మందు నాకు కావాలో మీకు కావాలో తేల్చుకుందామని. అతను వంటింటి గుమ్మంలో నిలబడి గ్యాస్ బండ వంక చూశాడు. నేను ఆ చూపు వెంట చూశాను.

సెనగలు మాడకముందు నుంచీ వస్తున్నాడు. మొదటిసారి నిజంగానే కళ్లజోడు కోసం వచ్చి, పొయ్యి మీద ఏమీ లేకుండా మంట వెలుగుతుంటే ఆర్పాడట. అప్పటి నుంచి రోజూ ఏదో ఒకటి మరిచిపోతూ వచ్చాడు. నాకు చెప్పలేదు. చెబితే భయపడతానని అనుకున్నాడు. నేనూ చెప్పలేదు. చెబితే అతను భయపడతాడని. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం భయపడుతూ, కిటికీ గురించి పోట్లాడుకుంటూ ఎండాకాలం గడిపేశాం.

“మీ అన్నయ్యను అడిగాను,” అన్నాడు. “మీ అమ్మకు మొదట్లో ఎలా ఉండేదని.”

“అడిగి?”

“మేడమీద పడుకోవడం మొదలుపెట్టాను. నీ ఎదుట ఏడవలేక.”

వేడికి కాదన్నమాట. ఇంత మనిషి, ఇనుప గొలుసులు భుజాన వేసుకుని నడిచే మనిషి. తిట్టాలో ఏం చెయ్యాలో తెలియక సుత్తి వెతికి ఇచ్చాను. నిజంగానే ఇంట్లో ఒకటుంది.

సాయంత్రం తాహ్రా వస్తే తలుపు తీశాను. టీ పెట్టాను. నువ్వు మోసం చేశావని కాదు నా కోపం, అనుకోకుండా నన్ను కాపాడావే, అది మింగుడు పడటం లేదని చెప్పాను. ఏడుస్తూనే నవ్వింది. నిజం చెప్పనా వదినా అంది, ఆ రోజు అమ్మడానికి కాదు సీసా తీసింది. డాక్టరుకు నువ్వు ఒక్క నిజం కూడా చెప్పడం లేదు, నాకు తెలిసిన నిజం అదొక్కటే, అందుకని బల్ల మీద పెట్టాను.

నమ్మాలో లేదో తెలియదు. సగం అమ్ముదామనే తీసి ఉంటుంది. మిగతా సగం నమ్ముతాను.

సెప్టెంబరు 12

ఇవాళ కిటికీ నేనే తెరిచాను. అల్లాల్ చూసి, చాప మేడమీది నుంచి దించాడు.

తాహ్రా సీసాలు అమ్మిన ఇళ్లన్నీ తిరుగుతోంది. మానెయ్యమని కాదు, రక్తపరీక్షకు ముందు డాక్టరుకు చెప్పమని. కొందరు విన్నారట. ఒకామె, నీకు తెలిసిన వైద్యం చాల్లే అని తలుపు వేసేసిందట. రేపు మళ్లీ వెళ్తానంటోంది. తలుపు మూస్తే గడప మీద కూర్చునే అలవాటు ఈమెకు ఉండనే ఉంది.

సెప్టెంబరు 30

పెళ్లి ఎప్పుడో అయిపోయింది. కఫ్తాను బాగా కుదిరిందట. పోయిన వారం రఖియా ఫొటో చూపించింది. చూశాను. మెడ దగ్గర మూడో గుండీ కాస్త వదులు. చెప్పలేదు. చెప్పాను. రఖియా నా ముఖంలోకి చూసి, రేపటి నుంచి రా అంది.

వెళ్తున్నాను. గోళ్లు ఇంకా అలాగే ఉన్నాయి, అన్నీ మొదలు దాకా కత్తిరించుకుని కూర్చుంటున్నాను. పోగు తగులుకుంటే విసుక్కుంటాను. మొన్న రెండు మాటలు మరిచిపోయాను, వాటిలో ఒకటి గుర్తొచ్చింది. రెండోది మామూలు మరపో కాదో తెలియదు. డాక్టరమ్మకు రెండూ చెప్పాను.

అక్టోబరు 11

ఫెస్ వెళ్లాను. అల్లాల్ వస్తానన్నాడు, వద్దన్నాను. పంచుకునే టాక్సీలో కిటికీ పక్కన సీటు కోసం ఒక లావుపాటాయనతో పోట్లాడి మరీ కూర్చున్నాను.

అమ్మ లోగిట్లో ఎండలో కూర్చుని ఉంది. వదిన తల దువ్వి, తెల్ల రుమాలు కట్టింది. దగ్గరికెళ్లి కూర్చున్నాను. ఎవరమ్మాయివే అని అడిగింది. బతూల్ అన్నాను. మంచి పేరు అంది. ఈ మాట వినడానికి భయపడే ఇన్ని నెలలు రాలేదు. విన్నాను. ప్రాణం పోలేదు. బాధగానే ఉంది, కానీ అది కూతురి బాధ. నా గురించిన భయం కాదు.

కాసేపటికి అమ్మ నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. అరచెయ్యి కాదు, వేళ్లు చూస్తోంది. ఒక్కో గోరు మీద తన బొటనవేలు పెట్టి రాసింది, గరుకు ఎక్కడుందో వెతుకుతున్నట్టు. ముఖం చిట్లించింది. చిన్నప్పుడు నా చేతికి మొదటిసారి సూది ఇచ్చేముందు కూడా ఇలాగే చూసి, పో, కడుక్కుని రా అని పంపేసేది.

“ఈ గోళ్లతో పట్టు పట్టుకుంటావా?” అంది విసుగ్గా. “నీకు పని నేర్పింది ఎవరే?”

“నువ్వే.”

అమ్మ నమ్మలేదు. నేను నేర్పితే ఇలా ఉండవు అంది. వదినను పిలిచి ఆలివ్ నూనె తెమ్మంది. ఈ ఏడాది నా గోళ్లకు ఎవరు ఏ వైద్యం చెప్పినా పోట్లాడాను. ఇవాళ పదివేళ్లూ చాచి కూర్చున్నాను.